కుప్పం నుంచి వచ్చిన కోడెదూడ

శివకుమార్ నాకు అన్న అవుతాడని తేలినప్పుడు నాకు మొదట కలిగింది ఊరట. బాధ ఆ తరువాత వచ్చింది. రెండింటికీ మధ్య పెద్ద వ్యవధి లేదు. మా చిన్నాయన కాఫీ గ్లాసును నోటి దగ్గర నుంచి కిందికి దించినంత. అయినా ఏది ముందు వచ్చింది, ఏది వెనక వచ్చింది అని ఎదుటివాళ్ళను అడగడమే నా ఉద్యోగం కాబట్టి, ఆ క్రమం నా దృష్టి దాటిపోలేదు.

మదనపల్లెలో ఒక క్లినిక్‌లో కౌన్సెలింగ్ చేస్తాను. నిద్రపట్టని టమాటా వ్యాపారులు, ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోని మొగుడూ పెళ్ళాలు, పరీక్షంటే కడుపునొప్పి వచ్చే పిల్లలు నా దగ్గరికి వస్తారు. నాకు నలభై దాటాయి. మేడ మీద రెండు గదుల్లో ఒక్కదాన్నే ఉంటాను. మంచం మీద ఐమూలగా పడుకోవడం అలవాటైపోయింది. ఆ అలవాటుకు స్వేచ్ఛ అని పేరు పెట్టుకున్నాను.

శివకుమార్ కుప్పంలో పశువుల డాక్టరు. ప్రభుత్వ ఉద్యోగులకు మానసిక ఒత్తిడి గురించి నేను ఇచ్చిన ఒక ఉపన్యాసానికి వచ్చి, ముందు వరసలో కూర్చుని హాయిగా నిద్రపోయాడు. చివర్లో లేచి ఒక ప్రశ్న అడిగాడు. మందలో నుంచి విడదీసి ఒంటిగా కట్టేసిన ఆవు పాలు తగ్గిస్తుందట, మరి మనుషులకు ఏం తగ్గుతుంది అని. హాలంతా నవ్వింది. నేనేదో జవాబు చెప్పాను. అది జవాబు కాదని ఇంటికి వచ్చి తాళం తీస్తుంటే తెలిసింది. ఏడాది తిరిగేసరికి పెళ్ళి మాట వచ్చింది. అతను అడిగాడు, నేను సరే అన్నాను. అన్న మరుక్షణం నుంచి ఆ సరేకు ఎక్కడైనా వెనక తలుపు ఉందేమోనని నాలో ఎవరో వెతుకుతూనే ఉన్నారు.

మా అమ్మా నాయనా పోయారు. మిగిలిన పెద్ద దిక్కు నల్లప్ప చిన్నాయన, మా నాయన తమ్ముడు, చౌడేపల్లె దగ్గర మా ఊళ్ళో ఉంటాడు. ఆయన ఒప్పుకుంటే బంధువులందరూ ఒప్పుకున్నట్టే. శివకుమార్‌ను ఆయన దగ్గరికి తీసుకుపోయాను.

చిన్నాయన అతన్ని చూసి చేసిన మొదటి పని, కుంటుతున్న ఆవును చూపించడం. అతను గిట్ట శుభ్రం చేసి, మందు పూసి, చేతులు కడుక్కుని వచ్చాక ప్లేటులో బిస్కెట్లు వచ్చాయి. అప్పుడు విచారణ మొదలైంది. అమ్మ పేరు కుమారి. అమ్మను కన్నాయన కుప్పం మారప్ప. అమ్మ తల్లి మునియమ్మ, పుంగనూరు పక్క నుంచి వచ్చిందని అంటారు గాని ఏ ఊరో ఎవరికీ తెలియదు, ఆమె ఎప్పుడూ చెప్పేది కాదు, గట్టిగా అడిగితే తన పుట్టింటిని సంతలో అమ్మేశారని నవ్వేది.

చిన్నాయన గ్లాసు కింద పెట్టింది ఇక్కడే.

"కుప్పం మారప్ప పెండ్లామా? ఆయమ్మ మా అత్త గదప్పా."

మునియమ్మ మా తాతకు కడగొట్టు చెల్లెలు. నాకు అవ్వ వరస. ఆమె గురించి మా ఇంట్లో నేను విన్నది ఒక్కటే, ఆమె గురించి అడగకూడదని. పెళ్ళై కుప్పం వెళ్ళింది, అన్నతో చెడింది, మళ్ళీ ఈ గడప తొక్కలేదు. ఆమె సంతానం ఎవరో, ఎక్కడున్నారో ఎవరూ ఆరా తీయలేదు. ఇప్పుడు ఆ సంతానంలో ఒకడు మా చిన్నాయన ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

చిన్నాయన ప్లేటును తన వైపు లాక్కుని బిస్కెట్లు పరిచాడు. పైన రెండు, మా తాత, ఆయన చెల్లెలు మునియమ్మ. తాత కింద మా నాయన, ఆ కింద నేను. మునియమ్మ కింద కుమారి, ఆ కింద శివకుమార్.

"మునియమ్మత్తకు కొడుకు పుట్టి, ఆ కొడుక్కి నువ్వు పుట్టింటే, మా యమునకు బావ అయిందువు. నేనే ముందు నిలబడి చేసుందును," అని శివకుమార్‌తో అన్నాడు. "కూతురికి పుడితివి. మేనత్త కూతురంటే మా అన్నకు మరదలు. మరదలి కొడుకంటే కొడుకే. అంటే నువ్వు దీనికి అన్న."

శివకుమార్ ప్లేటులో చేతికి దగ్గరగా ఉన్న బిస్కెట్టు తీసి కాఫీలో ముంచుకుని నోట్లో వేసుకున్నాడు. అది మునియమ్మ.

"తినేస్తే వరస పోదప్పా," అన్నాడు చిన్నాయన, దిగులుగానే.

ఆ సాయంత్రం నేను మదనపల్లెకు వచ్చి బట్టలు మార్చుకునేలోపే ఫోనులో సందేశం. "ఏం చెల్లెమ్మా, అన్నం తిన్నావా?" నవ్వు వచ్చింది. నవ్వాక చాలాసేపు కుర్చీలో కూర్చున్నాను.

రిజిస్టర్ ఆఫీసులో వరసలు అడగరని శివకుమార్ ఫోన్ చేసి చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. చిన్నాయన లేకుండా ఎట్లా అన్నాను. అన్నాక నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇంటివాళ్ళ అనుమతి అనే చేతికర్రను పక్కన పడేసి నడవండి అని నేను ఎంతమందికి చెప్పలేదు? ఇప్పుడు ఎక్కడి నుంచి ఊడిపడింది నాకు ఈ వరస మీద భక్తి? ఒకవేళ శివకుమార్‌ను బావ అని తేల్చి ఉంటే, ఈ భక్తి ఉండేదా, లేక ఇంకో దేవుణ్ణి వెతుక్కునేదాన్నా? ఈ ప్రశ్న నా ఎదురుగా ఇంకొకరు కూర్చుని అడిగి ఉంటే, టీ తాగుతారా అని మాట మార్చి ఉండేదాన్ని.

కొన్నాళ్ళకు చిన్నాయనే ఫోన్ చేశాడు. ఆవు కుంటడం మానేసిందట. అంత మంచి డాక్టరును పోగొట్టుకోవడం ఆయనకు ఇష్టం లేదని గొంతులోనే తెలిసిపోయింది. పడుకుని ఆలోచిస్తుంటే ఆయనకు ఒక సంగతి గుర్తొచ్చిందట.

మా వంశంలో ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు ఒక ఆవును అరణం ఇస్తారు. ఆమెకు తొలి కాన్పు అయ్యాక, ఆ ఆవు ఈనిన దూడల్లో ఒకదాన్ని పుట్టింటికి తిరిగి పంపాలి. ఆడపిల్ల పుడితే పెయ్యదూడ, మగపిల్లవాడు పుడితే కోడెదూడ. ఫోన్లు లేని రోజుల్లో కబురూ అదే, కానుకా అదే. దూడను చూస్తే సంగతి తెలిసిపోతుంది, ఎవరూ నోరు విప్పనక్కరలేదు. అందుకే మాటలు లేని ఇళ్ళ మధ్య కూడా దూడ నడిచేది. మునియమ్మ కూడా ఆ ఒక్క ఆచారాన్ని మాత్రం తప్పలేదు. కుప్పం నుంచి దూడ వచ్చింది. ఆ రోజు మా తాత ఊరంతా బెల్లం పంచాడు.

"ఆడపిల్ల పుడితే మా నాయన బెల్లం పంచే మనిషా?" అన్నాడు చిన్నాయన. "అంటే వచ్చింది కోడెదూడే. పుట్టింది కొడుకే. మునియమ్మత్తకు ఒకటే కాన్పని ఆ పిల్లోడే చెప్పె. మరి ఈ కుమారి యాడనుంచి వచ్చినట్ల? ఎవురి బిడ్డనో ఎత్తుకోనొచ్చి పెంచుకోనింటాది. అప్పుడు ఆ పిల్లోడు నీకు అన్నా కాడు, తమ్ముడూ కాడు."

"ఆ కొడుకు ఏమైనట్టు చిన్నాయనా?"

"పోయినాడేమో. అది మనకెందుకు?"

డెబ్బై ఏళ్ళ కిందటి ఒక పసివాణ్ణి ఆయన నా పెళ్ళి కోసం ఫోనులో ఒక్క మాటతో చంపేశాడు.

ఇబ్బంది ఒకటే. వచ్చింది కోడెదూడే అని ఆయన కళ్ళారా చూసినట్టు చెప్పలేడు. అప్పటికి చిన్నపిల్లవాడు, చూపంతా బెల్లం మీదే ఉండింది. ఆ దూడను మా తాత తొందరగానే అమ్మేశాడు. రేపు పదిమంది అడిగితే చెప్పడానికి ఒక సాక్షి కావాలి. మునియమ్మ ఆ దూడను ఊరి దాకా తేలేదు, పుంగనూరులో సంతకు వచ్చేవాళ్ళు దిగే పలుపుల అంగట్లో కట్టేసి వెళ్ళింది. ఆ అంగడి సాయిబుల ఇంటి కోడలు ఖైరున్నీసా ఇంకా ఉంది, పోయి అడగమన్నాడు.

ఎవరైనా తమ వంశం గురించి ఊరూరా తిరిగేది చుట్టాలను కలుపుకోవడానికి. నేను ఉన్న చుట్టాన్ని వదిలించుకోవడానికి బయలుదేరాను. ఒక కొమ్మను నరికితే నాకు మొగుడు దొరుకుతాడు. నరకలేకపోతే అన్న దొరుకుతాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఏది దొరికితే బాగుండునని అనుకుంటున్నావు అని నన్ను నేను అడిగాను. పక్కసీటామె ఒళ్ళోని కోడిపుంజు నా వైపు అదోలా చూసింది.

పలుపుల అంగట్లో ఇప్పుడు అన్నీ నైలాను తాళ్ళే. రంగురంగుల చుట్టలు వేలాడుతున్నాయి, వాటి మధ్య ఇత్తడి గంటలు. అంగడి చూసుకునే మనవడు ఖైసర్ నన్ను వెనక ఇంట్లోకి పంపాడు. ఖైరున్నీసా చాప మీద కూర్చుని తెల్లగడ్డలు ఒలుస్తోంది. మనిషి బాగా ముడుచుకుపోయింది, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. మునియమ్మ పేరు చెప్పగానే ఆ కళ్ళు ఇంకా చిన్నవయ్యాయి.

"కుప్పం మునియమ్మనా? నవ్వే మునియమ్మ?"

నవ్వేదో లేదో నాకు తెలియదన్నాను. దూడ సంగతి అడిగాను. ఆమె కొత్త కోడలుగా వచ్చిన ఏడాదే అది, బాగా గుర్తుందట. నేను ఫోను తీసి, బూబమ్మా, ఆ ఒక్క మాట మళ్ళీ చెప్పమని ఆమె ముందు పెట్టాను.

"కోడెదూడే బేటీ. మా గుంజకే కట్టేసి పోయింది," అంది ఫోనుకేసి, రేడియోలో మాట్లాడుతున్నట్టు స్పష్టంగా.

రికార్డింగ్ ఆపాను. పని అయిపోయింది. వెనక తలుపు మూసుకుపోతున్న చప్పుడు నాకు వినపడింది. బావ కాకపోయినా పరాయివాడు, పరాయివాడైతే మొగుడు కావచ్చు, ఇంక నేను మంచం మీద తిన్నగా పడుకోవాలి. లేవబోతున్నాను.

"పెయ్యను మాత్రం తోలుకోని పోయింది," అంది ఖైరున్నీసా, తెల్లగడ్డ పొట్టు ఊదుతూ.

"ఏ పెయ్యను?"

అప్పుడు చెప్పింది. మునియమ్మ సంతకు ఒకటి కాదు, రెండు దూడలను తెచ్చింది. పెద్దది పెయ్య, చిన్నది కోడె. ఒళ్ళో పాలు తాగే బిడ్డ. పలుపు కొనడానికి వచ్చి, ఈ చాప మీదే కూర్చుని బిడ్డకు పాలిచ్చింది. ఖైరున్నీసా ఆ బిడ్డ కాళ్ళకు పసుపు రంగు దారం కట్టింది, ఆడబిడ్డ కాబట్టి గజ్జెలు కట్టేదాకా అది ఉండనీ అని. మీ అన్న ఇంటికి ఏ దూడను పంపుతున్నావని ఖైరున్నీసా అత్తగారు అడిగితే, కోడెను అంది. ఆడబిడ్డకు పెయ్య గదా ఇవ్వాలని ఇక్కడివాళ్ళందరికీ తెలుసు.

దానికి మునియమ్మ చెప్పిన జవాబు ఖైరున్నీసా అటూ ఇటూ చూసి, ఇంకా ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించి చెప్పింది.

"'మా అన్న నాకు తన్నే ఆవును అంటగట్టినాడు. దాన్ని దారికి తెచ్చేదానికి నా మోకాళ్ళు పగిలె. దాని పెయ్య నా సెయ్యి నాకుతుంది. దాన్ని ఇస్తానా? కొడుకు పుట్టినాడని మా అన్నను బెల్లం పంచుకోనీ.' అట్ల అని నవ్వింది బేటీ. ఎంత నవ్విందంటే బిడ్డ నోట్లోనుంచి రొమ్ము జారి ఏడ్సె."

మా పుంగనూరు పక్క పొట్టి ఆవుల తన్ను మోకాలికి తగులుతుందని శివకుమార్ కూడా ఒకసారి చెప్పాడు.

నేను పుంగనూరులో పలమనేరు బస్సు, పలమనేరులో కుప్పం బస్సు ఎక్కాను. ఎందుకు వెళుతున్నానో నాకు నేను ఒక కారణం చెప్పుకున్నాను. నా ఫోనులో ఉన్న మాట చిన్నాయన చేతికి పోతే, ఆయన దాన్ని కుప్పానికి ఫోన్ చేసి చెప్తాడు. అప్పుడు డెబ్బై ఏళ్ళ ఆడమనిషికి, నువ్వు నీ తల్లి కన్న బిడ్డవు కాదు అని మేము చెప్పినట్టవుతుంది, అదీ అబద్ధం. నా పెళ్ళి కోసం ఇంకొకరి తల్లిని లాక్కోలేను. ఈ కారణం చాలా గౌరవంగా ఉంది. అందుకే దాన్ని అనుమానించాను. నా దగ్గర ఇప్పుడు రెండు నిజాలు ఉన్నాయి. ఫోనులోది బయటపెడితే శివకుమార్ దొరుకుతాడు. ఫోను ఆపాక విన్నది బయటపెడితే నా రెండు గదులు నాకు దొరుకుతాయి, నేనే వద్దన్నాననే మాట కూడా పడదు. తప్పు ఎవరిది అంటే దూడది. రెండిటిలో ఏదైనా సరే, నిర్ణయం మాత్రం నాది కాకుండా ఉంటే చాలునని నేను కోరుకుంటున్నట్టు వి.కోట దాటాక స్పష్టమైంది.

కుప్పంలో ఇల్లు రైల్వే గేటు అవతల. శివకుమార్ ఏదో ఊళ్ళో ఆవు ఈనలేక ఇబ్బంది పడుతోందని వెళ్ళాడు. ఇంటి వెనక రేకుల కొట్టం. అందులో నడుం ఎత్తు తెల్లావు, దాని పక్కన ఒక పెయ్యదూడ. ముక్కాలిపీట మీద కూర్చుని పాలు పిండుతున్న మనిషి తల తిప్పి చూసింది. పొట్టిగా, గుండ్రంగా, తెల్లటి జుట్టు నడినెత్తిన ముడి వేసుకుని ఉంది. మా తాత ఫొటోలోని ముక్కే.

అక్కడ నాకు ఇంకో చిక్కు వచ్చిపడింది. ఆమెను ఏమని పిలవాలి? మా నాయనకు మరదలంటే నాకు చిన్నమ్మ. శివకుమార్‌కు తల్లి కాబట్టి అత్త. ఏది అంటే ఆ వైపుకు ఒక అడుగు పడుతుంది. నేను ఏదీ అనకుండా నమస్కారం పెట్టి నిలబడ్డాను.

"నిలబడితే పాలు చేపదు. కూసో," అంది కుమారి.

ఇంకో పీట మీద కూర్చున్నాను. అన్నీ చెప్పాను. చిన్నాయన లెక్క, బెల్లం, ఫోనులో మాట, ఆ తరువాత ఖైరున్నీసా చెప్పిన మునియమ్మ నవ్వు. ఫోనులో మాట వినిపించాను కూడా. మీరు బాధపడతారని మీకే ముందు చెప్పాలని వచ్చాను అని ముగించాను. నా గొంతు క్లినిక్‌లో ఉన్నంత మెత్తగా ఉంది.

పాలధార చెంబులో పడుతూనే ఉంది. కాసేపటికి ఆమె భుజాలు కదులుతున్నాయని గమనించాను. ఏడుస్తోందనుకుని చెయ్యి చాపబోయాను. నవ్వుతోంది.

దూడ సంగతి ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. పాలు పిండే ప్రతిసారీ వాళ్ళమ్మ చెప్పేదట. మా తాత పంచిన బెల్లం గురించి తలచుకుని, చచ్చిపోయే ముందు కూడా నవ్విందట. ఇదిగో ఈ ఆవు ఆ పెయ్య సంతతే. ఇది దాని మనవరాలికి మనవరాలో, ఇంకా కిందిదో, అది మాత్రం కుమారికి సరిగా తెలియదు. మునియమ్మ వంశం అంటే ఒక కూతురు, ఒక మనవడు, మిగతావన్నీ ఆవులే అంది.

"మీ చిన్నాయనకు ఆ ఫోనులో మాట వినిపీ," అంది. "కోడెదూడ వచ్చింది నిజమే గదా. మిగిలింది ఆయనే అనుకోనీ."

"మిమ్మల్ని పెంచుకున్న బిడ్డ అంటారు."

"అననీ. పెండ్లి అయ్యేదాకా నేను ఎవురి బిడ్డనైనా ఫరవాలేదు. తాళి పడినాక మా అమ్మ బిడ్డనే."

ఇంత సులభంగా తల్లిని పక్కన పెట్టి, మళ్ళీ తీసుకోగల మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు తల్లి అన్న ఒక్క మాట మీద ఏళ్ళ తరబడి కూర్చుంటారు. నేను ఏదో చెప్పబోయాను. నిజం ఏమిటంటే, అన్నాను, మీరు ఆమె కన్న కూతురే కాబట్టి, వరసను బట్టి అతను నాకు, అన్నాను, ఇది పెద్దలను మోసం చేయడం కదా, అన్నాను. నా వాక్యాలు ఒకదాని వెనక ఒకటి వెనక తలుపు దగ్గరకి పోయి వరసగా నిలబడ్డాయి.

కుమారి చెంబు పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. నా వైపు తిరిగి ఊరికే చూస్తూ కూర్చుంది. నేను నా క్లయింట్ల ముందు ఇలాగే కూర్చుంటాను. అవతలివాళ్ళు భరించలేక నిజం చెప్పేదాకా. దాన్ని నేను రెండేళ్ళు చదివి నేర్చుకున్నాను.

"మావాడు నీ కంటికి అన్న మాదిరి కనపడతాండాడా?" అని అడిగింది చివరికి.

"లేదు."

"మరి యాల ఇంత దూరం వస్తివి? ఇష్టం లేకుంటే లేదని చెప్పు. వాడు ఏడిస్తే నేను సూసుకుంటా. అంతేగాని దూడ మీద పెట్టొద్దు. పాపం, అది ఏం జేసె?"

పెయ్యదూడ తన మాట వచ్చినట్టు చెవులు తిప్పింది. నాకు చెప్పడానికి ఏమీ లేదు. ఏమీ లేకపోవడం మొదట భయంగా, తరువాత కొంచెం చల్లగా అనిపించింది. చాలా ఏళ్ళుగా ఉక్కపోసిన గదిలో ఎవరో అడగకుండా కిటికీ తీసినట్టు. ఆ కిటికీలోంచి చూస్తే ఇష్టం లేకపోవడం ఎక్కడా లేదు. భయం ఒక్కటే, ఒక మూలగా, ఐమూలగా పడుకుని ఉంది.

ఫోను మోగింది. శివకుమార్ సందేశం. ఎవరో పక్కింటివాళ్ళు చెప్పి ఉంటారు. "ఏం చెల్లెమ్మా, మా ఇంట్లో ఉండావంట?" ఇంకోసారి ఆ మాట అంటే మీ అమ్మ ఆవుతో తన్నిస్తానని రాసి పంపాను. ఆ తరువాత, చెయ్యి అప్పటికే ఫోను మీద ఉంది కాబట్టి, చిన్నాయనకు కలిపాను.

"చిన్నాయనా, ఖైరున్నీసా బూబమ్మ చెప్పింది. మా గుంజకే కట్టేసి పోయింది అంది. కోడెదూడే."

"నాకు తెలుసు," అన్నాడు చిన్నాయన. ఆయన గొంతులో ఇంత సంతోషం నేను ఎప్పుడూ వినలేదు. "మా నాయన ఊరికే బెల్లం పంచుతాడా? ఇంక ఎవురు ఏమంటారో నేను సూస్తా. ఆ పిల్లోడిని వచ్చేటప్పుడు ఆ మందు డబ్బా ఇంకొకటి తీసుకోని రమ్మను. రెండో ఆవు గూడా కుంటతాంది."

నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. అందుకేనేమో, ఫోను పెట్టేశాక దాన్ని ఒళ్ళో బోర్లా పెట్టుకున్నాను.

కుమారి అప్పటికే లేచి పెయ్యను గుంజ నుంచి విప్పుతోంది. పెళ్ళయిన మర్నాడే దీన్ని వ్యానులో ఎక్కించి చౌడేపల్లెకు పంపుతుందట. చిన్నాయన వాకిట్లో కట్టేయిస్తుందట, ఎవరూ ఏమీ చెప్పకుండా. వాళ్ళమ్మ అప్పుడు పంపాల్సింది ఇదే.

"ఆయన దూడను చూస్తే అర్థం చేసుకుంటాడు," అన్నాను.

"చేసుకోనీ. తాళి పడిపోయింటాది. ఆవులు కుంటితే ఎవురిని పిలుస్తాడు?" అంది. తరువాత ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు వేలు చూపించింది. "అరణం మాత్రం మాట్లాడు. మీ ఇంటోళ్ళు ఈసారన్నా తన్నని ఆవును ఇస్తారేమో అడుగు."

పలుపు తెచ్చి నా చేతిలో పెట్టి, పాల చెంబు తీసుకుని లోపలికి నడిచింది. పెయ్య నా ముందు నిలబడింది. నడుము దాకా కూడా లేదు. తల ఎత్తి, నేను ఎవరి మనిషినో తేల్చుకుంటున్నట్టు చూసింది. నేను మోకాళ్ళు కొంచెం వెనక్కి జరుపుకున్నాను.

"ఇది తంతుందా అత్తా?" అని అడిగాను.

ఈసారి ఏది ముందు వచ్చిందో చూసుకోవడం మరిచిపోయాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"పట్టుకోని సూడు," అంది కుమారి లోపలి నుంచి.